చైన్ సా ట్యాంకు బాడీకి పగులు: ఐదో అతుకు దాకా పని డైరీ

ఇది 58 సీసీ పెట్రోలు చైన్ సాకు వెనుక హ్యాండిల్‌తో కలిసి ఒకే ముక్కగా వచ్చే ట్యాంకు బాడీని అతికిన పని వివరం. ఐదోసారికి గాని అతుకు నిలవలేదు. నాలుగుసార్లు ఎందుకు పోయిందో కొలతలతో సహా రాస్తున్నాను. ఇదే రకం పగులుతో ఉన్నవారు నేరుగా ఐదోసారి చేసిన పద్ధతితో మొదలుపెట్టవచ్చు.

మొదటి దశ: పగులు ఎక్కడ, ఎంత (జులై 9)

మా మామిడి తోట నూజివీడు పక్కన ఉంది. కాపు దిగిన తరువాత ఎండు కొమ్మలనూ బదనిక పట్టిన కొమ్మలనూ తీయించే పని జులైలో మొదలవుతుంది. పని మొదలైన రెండో రోజు సాయంత్రం రంపం పెట్టిన చోట నేల తడిసి, పెట్రోలు వాసన వచ్చింది. రంపాన్ని తుడిచి, ట్యాంకు మీద సుద్దపొడి చల్లి గంటసేపు ఉంచితే తడిసిన గీత స్పష్టంగా బయటపడింది.

1. పగులు పొడవు 46 మి.మీ.
2. ట్యాంకు గోడ మందం 3.2 మి.మీ.
3. చోటు: ట్యాంకు ఎడమ భుజం మీద, వైబ్రేషన్ రబ్బరు (ఇంజను అదురు చేతిదాకా రాకుండా ఆపేది) కూర్చునే గూడు లోపలి మూలలో మొదలై కిందికి దిగింది.
4. కారుడు: 550 మి.లీ. నింపి బయట పళ్లెంలో ఉంచితే తెల్లవారేసరికి 90 మి.లీ. తగ్గింది.

చోటును ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పగులు ట్యాంకు గోడకే పరిమితమైతే అతకవచ్చు. కుడిచేయి పట్టుకునే హ్యాండిల్ మెడకు గాని, చైన్ బ్రేకును కదిలించే ముందువైపు గార్డుకు గాని పగులు వస్తే ఎంత బాగా అతికినా ఆ రంపాన్ని మనిషి చేతికి ఇవ్వకూడదు. అది తిరిగే చైన్‌కూ మనిషికీ మధ్య ఉన్న భాగం కాబట్టి కొత్తది వేయవలసిందే.

కొత్త ట్యాంకు బాడీ కోసం విజయవాడ ఆటోనగర్‌లో మూడు దుకాణాల్లో అడిగాను. ఈ మోడల్‌కు అది విడిగా రాదని మూడు చోట్లా ఒకే మాట చెప్పారు. కొత్త రంపం ధర ఏడున్నర వేలు. ఇంజను నిక్షేపంగా ఉంది. అతకడానికే నిర్ణయించుకున్నాను.

రెండో దశ: జిగుర్లు (జులై 10–13)

ఈ దశను త్వరగా ముగిస్తాను. మొదట సూపర్ గ్లూ వేసి దాని మీద వంటసోడా చల్లాను. అది రాయిలా గట్టిపడింది గాని, ఇంజను స్టార్ట్ చేసిన పది నిమిషాలలోపే పెచ్చుగా లేచిపోయింది. తరువాత పగులు చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు వేసి, ఒక రోజంతా ఆరనిచ్చాను. రెండో రోజుకు దాని అంచులు మెత్తబడి, గోరు పెట్టి లాగితే పొరలా ఊడి వచ్చాయి.

జిగురు నాణ్యతలో లోపం లేదు. నైలాన్ ఉపరితలం జిగురును సరిగా పట్టుకోదు, గోడలోకి అప్పటికే పెట్రోలు ఇంకి ఉంది, పైగా ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఈ మూడూ ఉన్నచోట పైపూతగా వేసిన ఏ జిగురూ ఇంజను అదురును తట్టుకోలేదని నా నిర్ధారణ.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 80, పని 2 గంటలు.

మూడో దశ: ఏ ప్లాస్టిక్కో తెలుసుకోవడం, తొందరపడి కరిగించడం (జులై 16–20)

ఈ పని మొదటి రోజునే చేయవలసింది. ట్యాంకును విప్పడానికి 4 మి.మీ. ఎలన్ కీ, కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపును లాగడానికి ముక్కు ప్లయర్ చాలు. విప్పి చూస్తే హ్యాండిల్ లోపలి వైపు అచ్చులోనే రెండు బాణపు గుర్తుల మధ్య పీఏ6-జీఎఫ్30 అని ఉంది. అంటే నైలాన్ 6లో 30 శాతం గాజు నార కలిపిన పదార్థం. గుర్తు లేని ముక్కకు ఈ మూడు పరీక్షలు చేయవచ్చు.

1. చిన్న పెచ్చును నీళ్లలో వేయాలి. నైలాన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది.
2. పట్టకారతో పట్టి వెలిగించాలి. నైలాన్‌కు వెంట్రుక కాలిన వాసన వస్తుంది. ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ అయితే నల్లటి మసి లేస్తుంది. పాలీప్రొపిలీన్ కొవ్వొత్తి వాసన ఇస్తుంది.
3. కరిగిన కొసను సూదితో తాకి లాగాలి. నైలాన్ సన్నని దారంగా సాగుతుంది.

అతకడానికి పూరక పదార్థం కూడా నైలానే కావాలి. గడ్డి కోసే బ్రష్ కట్టర్‌కు వాడే 3 మి.మీ. తీగ ముక్క ఇంట్లో ఉంది. అదీ నైలాన్ జాతిదే. కేబుల్ టైలు సాధారణంగా నైలాన్ 66తో చేస్తారు. నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల దగ్గర కరిగితే, నైలాన్ 66 కరగడానికి 260 డిగ్రీలు కావాలి. అందువల్ల టై కరిగేలోపు ట్యాంకు గోడ మాడిపోతుంది. వాటిని పక్కన పెట్టాను.

పెట్రోలు ట్యాంకును వేడిచేసే ముందు చేయవలసిన పనిని ఎవరూ తగ్గించకూడదు. ఖాళీ చేసిన ట్యాంకులో ద్రవం లేకపోయినా ఆవిరి ఉంటుంది, అంటుకునేది ఆ ఆవిరే. మూత, పైపు, ఫిల్టరు, గాలి రంధ్రపు వాల్వు తీసేసి, గోరువెచ్చని సబ్బు నీళ్లతో ఐదుసార్లు కడిగి, మూడు రోజులు బయట గాలికి ఉంచాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన పూర్తిగా పోయిన తరువాతే లోపలికి తెచ్చాను.

జులై 20న ఉష్ణోగ్రత మార్చుకునే 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను 300 డిగ్రీలకు పెట్టి, పగులు వెంట ఒక మిల్లీమీటరు లోతున గాడి తీసి, తీగను కరిగిస్తూ నింపాను. ఐరన్ మొన తగిలిన చోటల్లా నైలాన్, నూనెలో వేసిన అప్పడంలా చిటపటమంటూ పొంగింది. చల్లారిన తరువాత పైపొరను ఆకురాయితో తీస్తే, లోపల ఆవగింజంత గాలి గుల్లలు వరుసగా కనిపించాయి.

కారుడు పరీక్షకు పాత బీపీ మిషన్ బంతినీ డయల్‌నూ వాడాను. ట్యాంకు మూత బిగించి, గాలి రంధ్రాన్ని స్క్రూతో మూసి, పెట్రోలు పైపుకు బంతి గొట్టాన్ని తగిలించి 150 వరకు గాలి ఎక్కించాలి. 40 సెకన్లలో సూది 60కి పడిపోయింది. సబ్బు నురుగు రాస్తే అతుకు పొడవునా బుడగలు లేచాయి.

ఇప్పటిదాకా: ఐరన్ రూ. 900, గరుకు కాగితాలు రూ. 30 కలిపి మొత్తం రూ. 1,010. పని 5.5 గంటలు.

నాలుగో దశ: ఆరబెట్టడం (జులై 22–27)

గుల్లలకు కారణం తడి. నైలాన్ గాలిలోని తేమను తనలోకి పీల్చుకునే పదార్థం. వానాకాలంలో షెడ్డులో ఉన్న ముక్కను, అదీ ఐదుసార్లు నీళ్లతో కడిగిన దాన్ని, 300 డిగ్రీల మొనతో తాకితే లోపలి నీరు కరిగిన నైలాన్ నడుమ ఆవిరై ఉబ్బుతుంది. పైకి పొడిగా కనిపించడం వల్ల ఇది నాకు తట్టలేదు.

ఆరబెట్టే పెట్టెను ఇలా చేశాను.

1. పదిహేను కిలోల ఖాళీ నూనె డబ్బా పైరేకును కోసి, లోపల జిడ్డు పోయేలా కడిగాను.
2. అడుగున రెండు 60 వాట్ల పాతరకం బల్బులను అమర్చి, వాటికి నాలుగు అంగుళాల పైన ఇనుప జాలీ పెట్టాను.
3. పైన అట్టతో మూసి, తేమ బయటికి పోవడానికి వేలు పట్టేంత రెండు రంధ్రాలు చేశాను.
4. థర్మామీటరు కొసను ట్యాంకు పక్కన వేలాడదీసి, అట్టను జరుపుతూ వేడిని 80 డిగ్రీల దగ్గర ఉంచాను.

మళ్లీ చెబుతున్నాను: పెట్రోలు వాసన ఏ కొంచెం ఉన్నా ఆ ట్యాంకును ఈ డబ్బాలో పెట్టకూడదు.

తేమ పోయిందో లేదో వంటింటి తూకం యంత్రమే చెబుతుంది. పెట్టే ముందు ట్యాంకు బరువు 412 గ్రాములు. నాలుగు గంటలు ఆరిన తరువాత 409, పది గంటల తరువాత 406. అంటే ఆ ముక్కలోంచి ఆరు గ్రాముల నీరు వెళ్లింది. చెంచాడు కంటే కాస్త ఎక్కువ.

ఈలోగా పూరక పదార్థాన్ని కూడా మార్చాను. బ్రష్ కట్టర్ తీగలో గాజు నార ఉండదు కాబట్టి అతుకు చుట్టూ ఉన్న గోడ కంటే మెత్తగా ఉంటుంది. పాత సామాన్ల దుకాణంలో విరిగిన స్టార్టర్ కవర్లను వెతికాను. మొదట తెచ్చిన కవరు లోపల ఏబీఎస్ అని ఉంది, అది పనికిరాదు. రెండోదాని మీద ట్యాంకు మీద ఉన్న గుర్తే ఉంది. దానిని 3 మి.మీ. వెడల్పు పట్టీలుగా హ్యాక్‌సాతో కోసుకున్నాను. కోసేటప్పుడు లేచే పొడిలో గాజు నార ఉంటుంది. మాస్కు, పొడుగు చేతుల చొక్కా లేకుండా ఈ పని చేయకండి.

ట్యాంకు మీదకు వెళ్లే ముందు అదే కవరు ముక్కల మీద పరీక్ష చేశాను. 20 మి.మీ. వెడల్పు పట్టీలను మధ్యకు కోసి, ఒక జతను తేమతోనే, మరొక జతను ఆరబెట్టి అతికాను. అతుకు దగ్గర వైస్‌లో బిగించి, 60 మి.మీ. దూరంలో ప్లాస్టిక్ డబ్బా వేలాడదీసి, కొలగ్లాసుతో నీళ్లు పోస్తూ వెళ్లాను. ఆరబెట్టనిది 1.5 లీటర్ల దగ్గర విరిగింది. ఆరబెట్టినది 4 లీటర్ల వరకు నిలిచింది. ఐరన్ అదే, వేడి అదే, చేయీ అదే. తేడా తేమ ఒక్కటే.

ఇప్పటిదాకా: బల్బులు, హోల్డర్లు, డబ్బా, థర్మామీటరు రూ. 270, రెండు కవర్లు రూ. 60 కలిపి మొత్తం రూ. 1,340. పని 8 గంటలు. ఆరబెట్టిన కాలాన్ని పనిలో కలపలేదు.

ఐదో దశ: నాలుగో అతుకు (జులై 28–30)

ట్యాంకు లోపలికి చేయి పోదు, అందువల్ల అతుకు మొత్తం బయటి నుంచే వేయాలి. అలాంటప్పుడు ఒక మిల్లీమీటరు గాడి చాలదు.

1. పగులు రెండు కొసల్లో 2.5 మి.మీ. రంధ్రాలు వేశాను. కంటికి కనిపించే కొసకు రెండు మిల్లీమీటర్లు ఆవలగా వేయాలి, అసలు కొస అక్కడ ఉంటుంది.
2. పాత అతుకును పూర్తిగా గీకి, గాడిని 2.4 మి.మీ. లోతు వరకు తీశాను.
3. గాడి రెండు గోడలనూ ముందు మెరుపు వచ్చేదాకా కరిగించి, ఆ మెరుపు ఆరకముందే పట్టీని నొక్కి కలిపాను. పూరకం గోడలో కలవాలి. గోడ మీద పరుచుకుంటే అది మళ్లీ జిగురుతో సమానం.
4. పగులుకు అడ్డంగా 0.8 మి.మీ. ఉక్కు తీగను ఐదు చోట్ల వేడిచేసి దించాను.

మొన మీద పొగ కనిపిస్తే వేడి ఎక్కువైనట్టు. ఆ పొగలో వచ్చే కాప్రోలాక్టమ్ అనే రసాయనం కళ్లనూ గొంతునూ మండిస్తుంది. తలుపులు తెరిచి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టుకున్నాను.

బీపీ డయల్ మీద సూది పది నిమిషాల్లో 150 నుంచి 118కి దిగింది. మూడో అతుకుతో పోలిస్తే ఎంతో మేలు గాని, పెట్రోలుకు ఇది చాలదు. నురుగు రాస్తే అతుకు పొడవునా ఎక్కడా బుడగ లేదు. మూడో ఉక్కు తీగ కొస దగ్గర మాత్రం ఒకే చోట, అర నిమిషానికొకటి చొప్పున బుడగ పుట్టింది. ఆ తీగను దించేటప్పుడు చేయి జారి లోతుగా వెళ్లి, గోడను దాటి ట్యాంకులోకి పొడుచుకుంది. గాలి తీగ వెంబడే బయటికి వస్తోంది.

ఐదు తీగలనూ తీసేశాను. వాటికి బదులుగా స్టీలు టీ వడపోత జాలీని కత్తిరించి, 12 మి.మీ. వెడల్పు, 60 మి.మీ. పొడవు ముక్కను అతుకు మీద పరిచి, ఐరన్ మొనతో ఒక మిల్లీమీటరు లోతుకు అదిమి, పైన మరొక పొర నైలాన్ వేశాను. జాలీ కళ్లలోంచి నైలాన్ పైకి ఉబికి వచ్చి రెండు పొరలనూ ఒకటిగా పట్టుకుంటుంది. గోడను గుచ్చే కొస దీనికి ఉండదు. ఈసారి పది నిమిషాలకు సూది 147 దగ్గర ఉంది.

ఇప్పటిదాకా: తీగ రూ. 20, జాలీ రూ. 40 కలిపి మొత్తం రూ. 1,400. పని 12 గంటలు.

ఆరో దశ: అతుకు నిలిచింది, పక్కన పగిలింది (ఆగస్టు 3–9)

ఆగస్టు 3న రంపం తోటకు వెళ్లింది. ఏడో ట్యాంకు పెట్రోలు అయిపోయేసరికి అతుకుకు నాలుగు మిల్లీమీటర్ల పక్కన, ఇంతకు ముందు బాగున్న గోడ మీద, 11 మి.మీ. కొత్త గీత వచ్చింది. అతుకు మీద భూతద్దం పెట్టి చూసినా మచ్చ లేదు. అంటే నేను వారాల తరబడి అతుకు గురించే ఆలోచించాను గాని, ఆ మూల ఎందుకు పగులుతోందని ఒక్కసారి కూడా అడగలేదు.

దానికి జవాబు మా తోటలో చాలా ఏళ్లుగా కోత పని చేసే పెద్దాయన పగులు బయటపడకముందే చెప్పారు. "హ్యాండిల్ ఊగుతోందండీ. సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కి అన్నం ముద్ద కలపడానికి కూడా రావట్లేదు" అన్నారు. పాత రంపం కదా, అదురు మామూలే అనుకున్నాను. రంపాన్ని పక్కన పెట్టవలసిన మాటను వినీ విననట్టు ఊరుకున్నాను. అది నా తప్పు. ఆ తిమ్మిరిని నెలల తరబడి పట్టించుకోకపోతే వేళ్లలో రక్తప్రసారం, స్పర్శ శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఆయన చేతుల కంటే ట్యాంకు ముందు పగలడం వల్లనే నేను కదిలానని ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఆగస్టు 9న రంపాన్ని ఆటోనగర్‌కు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ అతుకును చూడలేదు. హ్యాండిల్‌ను పట్టి ఇంజనును పక్కకు ఒకసారి ఊపి, "ట్యాంకు సంగతి తరువాత చూద్దాం గానీ, ముందు రబ్బర్లు విప్పండి సార్" అన్నారు.

ఇంజను ముక్కకూ హ్యాండిల్ ముక్కకూ మధ్య నాలుగు రబ్బర్లు ఉంటాయి. ఇంజను అదురు చేతిదాకా రాకుండా ఆపేవి అవే. వాటిలో ఎడమ వెనుకది నడుమ రెండుగా తెగి, బోల్టు మీద వదులుగా తిరుగుతోంది. దాని పక్కదానికి సగం దాకా చీలిక ఉంది. రబ్బరు లేకపోవడంతో ఇంజను కేసింగ్ లోహపు అంచు నేరుగా ట్యాంకు భుజాన్ని కొడుతోంది. ఆ చోట ఎనిమిది మిల్లీమీటర్ల మేర ప్లాస్టిక్ నున్నగా అరిగి, అద్దంలా మెరుస్తోంది. పగులు మొదలైన మూల ఆ మెరుపుకు అంగుళం దూరంలో ఉంది.

సన్నని సందులను కొలిచే ఫీలర్ గేజ్ పెడితే అక్కడ ఖాళీ సున్నా. కొత్త రబ్బర్లు నాలుగూ వేసిన తరువాత అదే చోట ఖాళీ 3.1 మి.మీ. వచ్చింది. తెగినవి రెండే అయినా నాలుగూ మార్చాను. పాతవి గట్టిపడి ఉంటాయి, కొత్తవాటితో కలిస్తే భారం సమానంగా పడదు.

ఇప్పటిదాకా: రబ్బర్లు రూ. 340, పెట్రోలు పైపు రూ. 60, బోల్టులు వదులు కాకుండా రాసే నీలిరంగు థ్రెడ్ లాకర్ రూ. 100 కలిపి మొత్తం రూ. 1,900. పని 15 గంటలు.

ఏడో దశ: ఐదో అతుకు (ఆగస్టు 11–18)

కడగడం, గాలికి ఉంచడం, ఆరబెట్టడం మళ్లీ మొదటి నుంచీ చేశాను. ఈసారి పదహారు గంటలు ఆరబెట్టాను. బరువు 413 నుంచి 405 గ్రాములకు దిగింది. ఐదో దశలో చేసిన వాటికి మూడు మార్పులు చేర్చాను.

మొదటిది, కొత్త గీతను పాత అతుకుతో కలిపి ఒకే గాడిగా తీశాను. రెండింటి మధ్య మిగిలే నాలుగు మిల్లీమీటర్ల సన్నని పట్టీ రెండు వైపులా వేడి తిని బలహీనపడి ఉంటుంది.

రెండవది, గూడు లోపలి మూల అచ్చులో కత్తి అంచులా నిటారుగా ఉంది. బలం వచ్చి పడేది అలాంటి మూలల్లోనే. అక్కడ నైలాన్ నింపి, గుండ్రటి ఆకురాయితో 4 మి.మీ. వంపుగా మలిచాను. కొత్త రబ్బరు దానికి తగలకుండా కూర్చుంటోందో లేదో రెండుసార్లు పెట్టి చూశాను.

మూడవది, అతికిన తరువాత ట్యాంకును మళ్లీ తడిపాను. నైలాన్‌ను అతకడానికి తేమ శత్రువు గాని, పనిచేయడానికి తేమ కావాలి. పూర్తిగా ఆరిన నైలాన్ గట్టిగా ఉంటుంది గాని పెళుసు. కింద పడితే, బోల్టు కాస్త ఎక్కువ బిగిస్తే చిట్లుతుంది. మామూలు నీళ్ల బకెట్టులో 24 గంటలు ముంచి ఉంచితే బరువు 409కి చేరింది. ఆ తరువాతే బోల్టులు బిగించాను. ఏడో ట్యాంకుకే కొత్త గీత రావడంలో ఈ పెళుసుతనానికి కూడా కొంత వాటా ఉందని నా అంచనా. అప్పుడు ఆరిన ముక్కను ఆరినట్టే బిగించాను.

పరీక్ష: 150 వరకు గాలి, పది నిమిషాలు, సూది 148. తరువాత ట్యాంకు నిండా పెట్రోలు పోసి, తెల్లకాగితం మీద రాత్రంతా పక్కకు పడుకోబెట్టాను. కాగితం మీద మరక లేదు.

మొత్తం: రూ. 1,900, ఈ దశలో కొత్త ఖర్చు లేదు. పని 19.5 గంటలు. జిగుర్లు, తీగ తీసేస్తే రూ. 1,800. అందులో సగం పెట్టి కొన్న ఐరన్ నా దగ్గరే ఉంది.

ఎనిమిదో దశ: తోటలో (ఆగస్టు 20 – సెప్టెంబరు 21)

లీటరుకు 40 మి.లీ. టూ-టీ ఆయిల్ కలిపిన పెట్రోలుతో ఇప్పటికి 34 ట్యాంకులు నడిచాయి. పని అయిపోయాక పెట్రోలును ట్యాంకులో నిల్వ ఉంచడం మానేశాము. ప్రతి పదో ట్యాంకుకు సుద్దపొడి చల్లి చూస్తున్నాను, తడి లేదు. అతుకు రెండు కొసల్లోనూ సూదితో గీసిన గుర్తులను దాటి గీత ఏదీ సాగలేదు. రబ్బరు దగ్గర ఖాళీ 3.1 నుంచి 2.9 మి.మీ.కు వచ్చింది. కొత్త రబ్బరు మొదట్లో కాస్త సర్దుకుంటుంది కాబట్టి ఇది సహజమే. 2 మి.మీ. కంటే తగ్గిన రోజున నాలుగు రబ్బర్లూ మళ్లీ మార్చాలని షెడ్డు తలుపు మీద రాసి పెట్టాను.

కోత పనిని గంటకు పది నిమిషాల విరామంతో, రోజుకు నాలుగు గంటలకు తగ్గించాము. నిన్న సాయంత్రం పెద్దాయనను చేతుల గురించి అడిగాను. కుడిచేతి తిమ్మిరి పోయిందనీ, ఎడమచేతి చిటికెన వేలికి మాత్రం తెల్లవారుజామున ఇంకా మొద్దుగానే ఉంటోందనీ చెప్పారు. ఆయనను ఈ వారం డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నాను. అప్పటిదాకా రంపం షెడ్డులోనే ఉంటుంది.